ఎవరి పెచ్చు

వదినామరదళ్లు ఒకేచోట ఉద్యోగం చేస్తే ఇల్లు నిలవదని చుట్టాలు అన్నారు కానీ, వీళ్లిల్లు బాగానే నిలిచింది. మరదలు అంతరిక్ష నౌకను నడిపే అయాన్ ఇంజన్ తయారుచేసే ఇంజనీరు. దాన్ని పరీక్షించే శూన్యపు గదికి వదిన ఇన్‌చార్జి. గాలి మొత్తం లాగేసిన ఆ ఉక్కు గదిలో ఇంజన్ నెలల తరబడి నీలి వెలుగు చిమ్ముతూ ఉండేది. అది తోసే బలం అరచేతిలో పెట్టిన కాగితం బరువంత. "ఇంతోటి దానికి ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లా?" అని అన్నయ్య భోజనాల దగ్గర ఏడిపించేవాడు. ఆగకుండా ఏళ్ల తరబడి తోస్తే ఆ చీమ బలమే నౌకను గ్రహాలు దాటిస్తుందని మరదలు ఓపిగ్గా చెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. ఇంజన్‌ను తోసే అయాన్లను, అంటే విద్యుదావేశమున్న కణాలను, బయటికి లాగడానికి జల్లెడల్లాంటి రెండు రేకులుంటాయి. వాటి నడుమ సన్నటి సందులో ఏదో పెచ్చు ఇరుక్కుని కరెంటు అడ్డదారి పట్టింది. అది ఇంజన్లో రాలిందైతే తప్పు మరదలిది, గది గోడల పూత ఊడిందైతే వదినది.

డైరెక్టరు ఇద్దరినీ పిలిపించాడు. గది తెరిచి చూడాల్సిందేనని వదిన పట్టుబట్టింది. తెరిస్తే ఇన్ని నెలల పరీక్షా మళ్లీ మొదటికొస్తుంది. గట్టిగా కరెంటు పంపి పెచ్చును కాల్చేద్దామని మరదలు అంది. కాలిపోతే మాత్రం అదెక్కడిదో ఇక తెలియదు.

"నీ తప్పు బూడిద చేసేద్దామనా?" అంది వదిన, డైరెక్టరు ఎదురుగా ఉన్నాడన్న సంగతే మరిచిపోయి.

మరదలికి మనసు చివుక్కుమంది. ఆ ఆశ తనలో ఏ మూలో లేకపోలేదు కూడా.

"రేపు పైన ఇలాగే ఆగితే తలుపు తీసేదెవరు వదినా? కాల్చడం కుదురుతుందో లేదో ఇక్కడే తేలాలి. రేకులు కూడా కరిగిపోయాయంటే ఈ ఇంజన్ పైకి పంపొద్దని నేనే రాసిస్తాను."

వదిన లేచి, తనే దగ్గరుండి కరెంటు నేరుగా రేకులకే వెళ్లేలా తీగలు మార్పించింది. మొదటిసారి కరెంటు పంపితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకాస్త పెంచారు. గది కిటికీ గాజులో చిన్న మెరుపు మెరిసింది. ఇంజన్ మళ్లీ నీలంగా వెలిగింది. వదినామరదళ్లు మాత్రం వారం దాకా ఉప్పందుకో, పప్పందుకో అన్నంతవరకే మాట్లాడుకున్నారు.

పరీక్ష పూర్తయ్యాక గది తెరిచారు. గోడల పూత చాలాచోట్ల పొరలుగా లేచిపోయి ఉంది. వదిన ఎవరూ అడగకముందే ఆ మాట డైరెక్టరుకు చెప్పడానికి బయల్దేరింది. ఈలోగా రేకులను భూతద్దంలో చూస్తున్న మరదలు ఆమెను ఆగమంది. రేకుల చిల్లులు తను అనుకున్నదానికన్నా బాగా అరిగిపోయి ఉన్నాయి. పెచ్చు అక్కణ్ణుంచీ రాలి ఉండొచ్చు.

వదిన వంగి చూసింది.

"అయితే పద, ఇద్దరం కలిసే తిట్లు తిందాం" అంది.

తిన్నారు. గోడలకు కొత్త పూత వేశారు, రేకుల మందం పెంచారు. పెచ్చును కాల్చే ఏర్పాటును నౌకలోనే పెట్టాలని నిర్ణయమైంది. ఆ తీగల పటం గీసే పనిని వదిన అడిగి మరీ తీసుకుంది.