మాస్టారి జుట్టు ఎందుకు పెరిగింది

డ్రాయింగు మాస్టారు మొండిమనిషి కాదు. పిల్లలు ఏనుగుకి ఆరు కాళ్ళు గీసినా "పోనీలే, తొందరగా నడుస్తుంది" అని మార్కులేసే రకం. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం బిగుసుకు కూర్చున్నారు. జుట్టు కత్తిరించుకోనన్నారు.

కారణం వీధిలో అందరికీ తెలిసిందే. మార్కెట్టు మలుపులో ఉన్న కత్తెరన్న సెలూను మూతపడింది. కత్తెరన్నకి వేరే పేరు ఉండే ఉంటుంది గానీ, దానితో ఎవరికీ పని పడలేదు. మాస్టారికి అయిదో ఏట వాళ్ళ నాన్న ఆ షాపుకి తీసుకెళ్ళి, కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన పలక మీద కూర్చోబెట్టి, "కదిలావంటే చెవి ఊడుతుంది" అని భయపెట్టారు. అప్పటికి కత్తెరన్నకి మీసాలైనా సరిగా రాలేదు. "ఊడితే అతికించడానికి నా దగ్గర జిగురుందిలే అబ్బాయ్" అని గుసగుసగా చెప్పాడు. ఆ రోజు నుంచి మాస్టారి తల మీద మరో మనిషి కత్తెర పడలేదు. ఆ తల నెరిసింది, నడినెత్తిన పలచబడింది. కత్తెరన్నకి మాత్రం ఆయన ఇంకా "అబ్బాయే".

ఆ షాపులో జుట్టు పని తక్కువ, మాటల పని ఎక్కువ. ఒకే పేపరు ముక్కలు ముక్కలుగా విడిపోయి బెంచీ మీద అందరి చేతుల్లో తిరిగేది. సినిమా పేజీ దక్కినవాడు ఇమ్మన్నట్టు ఎంతమంది దగ్గినా దాన్ని వదిలేవాడు కాదు. కత్తెరన్న జుట్టు ముట్టుకునే ముందు కత్తెరని గాల్లో టకటకలాడించేవాడు. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, మాస్టారి తలనొప్పి సగం దిగిపోయేది. పని అయ్యాక మెడ మీద పౌడరు అద్ది, "ఇక వెళ్ళి ప్రపంచాన్ని ఏలుకో" అనేవాడు. మాస్టారు వెళ్ళి ఏడో తరగతిని ఏలుకునేవారు. అదీ అంతంతమాత్రంగానే.

అలాంటిది, ఒకరోజు పొద్దున్న చూస్తే షట్టరు దించి ఉంది. దాని మీద ఒక కాగితం. షాపు మూసేశాం, ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ దండం. అంతే. తర్వాత రంగులవాళ్ళు వచ్చారు, వడ్రంగులు వచ్చారు. చీకటి గుయ్యారంలాంటి షాపుకి అద్దాల తలుపు, లేతాకుపచ్చ గోడలు, నల్లటి కొత్త కుర్చీలు వచ్చాయి. ఎవరో అమ్మాయి నడుపుతోందట.

షాపు పోయినందుకన్నా మాటమాత్రం చెప్పకుండా పోయినందుకు మాస్టారికి ఎక్కువ బాధ వేసింది. "ముందురోజే కదా గడ్డం గీయించుకున్నాను! నోరు మెదపలేదు. నేనేమన్నా దారినపోయే దానయ్యనా?" అని భార్య దగ్గర వాపోయారు. ఆ తర్వాత మార్కెట్టుకి వెళ్ళాల్సివస్తే ఆ మలుపు తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు.

జుట్టు చెవులు దాటింది. కాలరు మీదికి దిగింది. బళ్ళో ఎవరో బోర్డు మీద సింహాన్ని గీసి, దానికి కళ్ళజోడు పెట్టారు. మాస్టారు కోప్పడలేదు సరికదా, సింహం పంజా బాగా కుదరలేదని దిద్ది మరీ చూపించారు. హెడ్‌మిస్ట్రెస్ గారు పక్కకి పిలిచి "ఒంట్లో బాగుంటోంది కదా, మాస్టారూ?" అని అడిగారు.

ఆయన భార్య మందుల షాపులో పనిచేస్తుంది. దగ్గుమందు ఇచ్చినంత తేలిగ్గా మాట విసరగలదు. "ఏవండీ, మా షాపులో రిబ్బన్లు కూడా తెచ్చారు. ఏ రంగు పట్టుకురమ్మంటారు?" అని కొన్నాళ్ళు నవ్వింది. ఒక సెలవురోజు పొద్దున్న మాత్రం నవ్వకుండా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మీకు కావాల్సింది క్షవరం కాదు, ఆయన. వెళ్ళి ఆయన్నే అడగొచ్చుగా, ఎందుకు చెప్పలేదని?"

"అడుగుతా. నాకేం భయమా?" అని లేచి చెప్పులు వేసుకున్న మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. కత్తెరన్నకి ఏ మోకాలు నొప్పో తెలుసు. కోడలు టీలో చక్కెర ఎక్కువేస్తుందని తెలుసు. ఇల్లెక్కడో తెలియదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు షాపులో ఉండే మనిషికి ఇల్లొకటి ఉంటుందన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

చేసేదిలేక ఆ అద్దాల తలుపే తోశారు.

లోపల జుట్టు కత్తిరించుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. ముప్ఫై ఏళ్ళ అమ్మాయి కుర్చీలో కూర్చుని, దువ్వెనలు తుడుచుకుంటోంది. మాస్టారిని చూసి చటుక్కున లేచింది. ఆమె చూపు ఆయన మొహం మీద కాదు, నేరుగా జుట్టు మీద పడింది. ఆకలిగా ఉన్నవాళ్ళు వంటింటి వైపు చూసినట్టు చూసింది.

"రండి సార్, కూర్చోండి."

"నేను కూర్చోవడానికి రాలేదమ్మా. ఇక్కడ ఇదివరకు ఉన్నాయన ఇంటి అడ్రసు కావాలి."

ఆమె ముఖం చిన్నబోయింది. అయినా అడ్రసు చెప్పింది, బస్సు ఎక్కడ ఎక్కాలో కూడా చెప్పింది. తలుపు దాకా వచ్చి, "ఆయన్ని ఒకసారి రమ్మనండి సార్. తాళాలిచ్చిన రోజు నుంచి ఇటు తొంగిచూడలేదు. పాతవాళ్ళందరూ అద్దంలోంచి చూసి వెళ్ళిపోతున్నారు. నేనేదో ఆయన్ని తరిమేసినట్టు" అంది.

అలా చూసి వెళ్ళిపోయినవాళ్ళలో మాస్టారు లేరు. ఆయన అటు చూడను కూడా చూడలేదు.

కత్తెరన్న ఇల్లు ఒక మేడ మీద, మూడో అంతస్తులో ఉంది. తలుపు తీసింది కత్తెరన్నే. మంచి ఎండాకాలంలో, ఇంట్లో, చెవుల దాకా ఉన్నిటోపీ లాక్కుని ఉన్నాడు.

"అబ్బాయ్!" అన్నాడు. వెంటనే, "ఏంట్రా నీ తల? పిచ్చుకలేమన్నా అద్దెకుంటున్నాయా?" అన్నాడు.

దారి పొడవునా మాస్టారు కూడబలుక్కున్న నిష్ఠూరాలన్నీ ఎటు పోయాయో పోయాయి. "నా సంగతి తర్వాత. నువ్వా టోపీ ఏంటి?"

లోపలినుంచి కోడలు టీ కప్పులతో వచ్చింది. "మీరేగా మాస్టారు? మీరైనా చెప్పండి. నేను కత్తిరిస్తానంటే ఒప్పుకోరు. బయట ఎవరి దగ్గరికైనా వెళ్ళండి మావయ్యగారూ అంటే, నేనా, ఇంకొకళ్ళ షాపుకా అంటారు. స్నానానికి తప్ప ఆ టోపీ తియ్యరు."

మాస్టారు చెయ్యి చాచి టోపీ లాగేశారు. తెల్లటి జుట్టు పీచుమిఠాయిలా నాలుగువైపులా లేచింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి తల ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది కోడలు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కూడా ఆపుకోలేకపోయారు. కత్తెరన్న కళ్ళు తుడుచుకున్నాడు.

"కూరగాయల మార్కెట్టు అవతల ఇంకో సెలూనతను ఉండేవాడు. అతనికి నేను, నాకు అతను కత్తిరించేవాళ్ళం. షాపు మూశాక కొద్దిరోజులకే అతను పోయాడు. ఇంకెవరి ముందు తల వంచను?"

"అది సరే. నాకెందుకు చెప్పలేదు?"

కత్తెరన్న టీ కప్పు అందుకోబోయాడు. వేళ్ళు వణికాయి, సాసరు గలగలలాడింది. కప్పు మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"చూశావుగా. ఒకరోజు సాయంత్రం చేతిలోంచి కత్తెర జారి కిందపడింది. కుర్చీలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఉంటే? నీకు చెబితే 'ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్నా' అంటావు. నువ్వంటే నేను వింటాను. అందుకే చెప్పలేదు."

నిజమే. మాస్టారు కచ్చితంగా ఆ మాటే అనేవారు.

ఆయన లేచి, "పద" అన్నారు.

"ఎక్కడికి?"

"నీ షాపుకి. ఆ అమ్మాయి నిన్ను తరిమేసిందని జనం అనుకుంటున్నారట. పాపం, గిరాకీ లేక దువ్వెనలు తుడుచుకుంటూ కూర్చుంది. నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే ఆ మాట చెరిగిపోతుంది."

"నాకు అక్కడ నిలబడటమే గానీ కూర్చోవడం తెలీదురా" అన్నాడు కత్తెరన్న. మోకాలు పట్టుకుని మెట్లు దిగేటప్పుడు మాత్రం మాస్టారికన్నా ముందున్నాడు.

వాళ్ళిద్దరూ తలుపు తోసుకుని వచ్చేసరికి ఆ అమ్మాయి చేతిలో దువ్వెన కింద పడేసుకుంది. ఆ తర్వాత పెద్ద తగువు. ముందు నువ్వంటే నువ్వని ఇద్దరూ. "చిన్నపిల్లల్లా ఏంటండీ ఇది?" అని ఆమే కత్తెరన్న భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

మెడ చుట్టూ గుడ్డ కడుతుంటే కత్తెరన్న కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. అద్దంలో తన మొహాన్ని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ఇన్నేళ్ళూ అక్కడి అద్దంలో అందరి మొహాలూ చూసినవాడే. ఆమె దువ్వడం మొదలుపెట్టగానే, "ఇదిగో అమ్మాయ్, వెనకనుంచి..." అన్నాడు.

"తాతగారూ, కత్తెర నా దగ్గరుంది."

కత్తెరన్నతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. కానీ అతను ఉలిక్కిపడి, నవ్వి, నోరు మూసుకున్నాడు. ఆమె చెయ్యి తేలిగ్గా, తొట్రుపాటు లేకుండా కదులుతోంది. కాసేపటికి కుర్చీని పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. ఇంకాసేపటికి గడ్డం గుండెల మీదికి వాలింది. కత్తెరన్న నిద్రపోయాడు.

మాస్టారు ఎదురుచూస్తూ కూర్చున్నారు. పాత బెంచీ లేదు. ముక్కలైన పేపరు లేదు. అవి లేవన్న దిగులు ఉంది, ఉండనే ఉంది. కానీ వీధిలోంచి వచ్చే ఎండ ఎప్పటిలాగే ఏటవాలుగా వచ్చి గచ్చు మీద పడింది. కింద రాలుతున్న తెల్లజుట్టు దానిలో మెరుస్తుంటే, పెన్సిలు ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

ఇంతలో అద్దం అవతల రిటైరైన బస్సు కండక్టరు ఆగి లోపలికి చూశాడు. చూసి, కళ్ళు నులుముకుని, తలుపు తోశాడు. "అదేంటి, కత్తెరన్న కుర్చీలో ఉన్నాడేంటి? మీరందరూ ఇక్కడున్నారని ఒక్కరూ చెప్పరేం?"

కత్తెరన్న ఒక కన్ను తెరిచాడు. "అరవకు. నీ వంతు మాస్టారి తర్వాత."

ఆ రోజు మాస్టారు ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. భార్య ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"కత్తెరన్న కత్తిరించినట్టు లేదే."

"లేదు. ఇది వేరేగా ఉంది" అని తల తడుముకున్నారు మాస్టారు. "తేలిగ్గా ఉంది."

ఇప్పుడు కత్తెరన్న వారంలో సగం రోజులు పొద్దున్నే బస్సెక్కి షాపుకి వస్తాడు. అతని కోసమని ఆ అమ్మాయి కిటికీ పక్కన మెత్తటి కుర్చీ వేయించింది. ఆమెకి పని చేతనవును గానీ, పని చేస్తూ కబుర్లు చెప్పడం చేతకాదు. ఆ భాగం అతను చూసుకుంటాడు. పాతవాళ్ళు వస్తారు. వాళ్ళని చూసి కాలేజీ కుర్రాళ్ళు కూడా కాసేపు కూర్చుని వెళ్తున్నారు.

పోయిన వారం ఒక చిట్టిపాప కత్తెర చూడగానే ఆకాశం అదిరేలా ఏడుపు లంకించుకుంది. వాళ్ళమ్మ వల్ల కాలేదు, సెలూనమ్మాయి వల్ల కాలేదు. కత్తెరన్న తన చెయ్యి పాప ముందు చాచాడు. "నా చెయ్యి చూడు, ఎంత చెప్పినా గంతులేయడం మానదు. కొంచెం పట్టుకుంటావా, పారిపోకుండా?" పాప ఏడుపు మింగి, వణికే ఆ వేళ్ళని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. జుట్టు పని అయ్యేదాకా వదల్లేదు.

మాస్టారు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. సినిమా పేజీ ఆయన దగ్గరే ఉంది. కండక్టరు దగ్గుతున్నాడు. ఆయన ఇవ్వలేదు.