నీడ పడితేనే నడక

బీరయ్య కళ్లు పోతున్నాయని తెలుసుకోవడానికి నాకు పదమూడు ఆదివారాలు పట్టింది. ఆ పదమూడు ఆదివారాలూ నేను అతని పక్కనే నడిచాను. మా ఇద్దరి మధ్య దూరం మహా అయితే రెండడుగులు. పిల్లల రికార్డుల్లో ఒక్క తప్పు కనబడితే ఎర్రపెన్నుతో పేజీ అంతా కొట్టేసే మనిషిని, ఇంత పెద్దది చూడలేకపోయాను. తప్పు ఎవరి మీదికైనా నెట్టేద్దామంటే ఎవరూ దొరకడం లేదు.

నా పేరు ఉమారాణి. కామారెడ్డిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఆరేళ్లుగా జూన్ మొదటి వారం నుంచి నవంబర్ చివరి దాకా ప్రతి ఆదివారం పొద్దున్నే ఎల్లారెడ్డి బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి, నాగిరెడ్డిపేట దాటాక పోచారం అడవి దగ్గర దిగుతాను. అక్కడ ఒక వాగు వెంట కిలోమీటరు పొడుగున కాలిబాట ఉంది. ఆ బాటలో నడుస్తూ కనబడిన సీతాకోకచిలుకలను లెక్క రాయడం మా పని. జిల్లాలో ఇలా నాలుగైదు చోట్ల నడిచేవాళ్లున్నారు. అందరి కాగితాలూ మా కాలేజీలోనే పనిచేసే రాజ్‌కుమార్ దగ్గరికి చేరతాయి. దీనికి జీతమూ లేదు, పేరూ లేదు. నాకున్న పిచ్చి ఇదొక్కటే అని మా ఇంట్లో అంటారు.

బీరయ్య ఆ అడవిలో వాచర్. యాభై ఐదు దాటిన మనిషి. మొదటి ఏడాది నాకు దారి చూపడానికి వచ్చాడు. రెండో ఏటికి నాకంటే బాగా గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. పుస్తకంలోని పేర్లకు నోరు తిరగడం లేదని తనే పేర్లు పెట్టుకున్నాడు. తంగేడు మీద వాలే చిన్న పచ్చది పసుపుబొట్టు. జిల్లేడు చుట్టూ తిరిగే నారింజరంగుది పులిచార. వాగు మలుపులో మారేడు చెట్టును వదలని నలుపూ పసుపూ గళ్లది గళ్లచీర. కొన్నాళ్లకు నేనూ అవే పేర్లు రాసుకుని, ఇంటికొచ్చాక పుస్తకం పేర్లలోకి మార్చుకునేదాన్ని.

పద్ధతి మాత్రం నేను పెట్టిందే. అతను చూసి చెప్పాలి, నేను తలెత్తకుండా రాయాలి. రాసేవాళ్లు కూడా తలెత్తి చూస్తే ఒకదాన్నే రెండుసార్లు లెక్కించేస్తామని నా భయం. చూడనిది రాయకూడదు, అది రెండో నియమం. మూడోది ఎండ. నేల మీద మన నీడ పడితేనే నడక. లేదంటే కల్వర్టు గోడ మీద కూర్చుని, ఫ్లాస్కులో తెచ్చిన చాయ్ తాగుతూ ఎదురుచూడాలి. మబ్బు పట్టినప్పుడు సీతాకోకలు ఆకుల కిందికి పోతాయి.

ఆ ఏడాది ఎండకూ వానకూ ఒక తీరూ తెన్నూ లేదు. మృగశిరలో చినుకు పడలేదు. రోడ్డు మీద కాలు పెడితే చెప్పులోంచి కాలేది. జూలైలో పొద్దున ఎండ, నేను బస్సు దిగేసరికి ముసురు, తిరుగు బస్సెక్కగానే మళ్లీ ఎండ. నాకు ఒళ్లు మండిపోయేది. అంత దూరం పోయి, రెండు గంటలు కల్వర్టు మీద కూర్చుని, గొడుగు ముడిచి, విప్పి, ముడిచి.

బీరయ్య అప్పుడప్పుడూ అడిగేవాడు.

"నీడ పడ్తున్నదా మేడమ్?"

"నీకు కండ్లు లేవా బీరన్నా? ముంగటనే ఉన్నది గద" అని కసిరేదాన్ని.

నవ్వేవాడు. "మీరు పడ్తున్నది అంటెనే పడ్తున్నట్టు" అనేవాడు. నా నియమానికి మర్యాద ఇస్తున్నాడనుకుని లోలోపల పొంగిపోయాను. అతను రెండు చేతులూ ముందుకు చాపి, మోచేతుల మీద ఎండ వేడి తగులుతుందో లేదో చూసుకునేవాడు. అదీ చూశాను. ముసురు చలికి అనుకున్నాను.

కర్ర పట్టుకోవడం మొదలుపెట్టాడు. పాములకోసమన్నాడు. నమ్మాను.

జూలై రెండో ఆదివారం బీరయ్య భార్య మరియ కల్వర్టు దాకా వచ్చింది. నాట్లకు పోయే మనిషి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఉంది. ఇద్దరూ ఏదో ముందే మాట్లాడుకుని వచ్చినట్టున్నారు. బీరయ్య అటువైపు తిరిగి నిలబడ్డాడు.

"మేడమ్, వచ్చే ఐతారం ఎల్లారెడ్డిల కండ్ల క్యాంపు వెడ్తున్నరంట. ఈయనను తోల్కపోదామనుకుంటున్న. ఆ ఒక్కదినం మీరు ఇడిస్తె..."

"ఐతారమే దొరికిందా మరియా? ఒక్క వారం తప్పినా ఈ యేడు లెక్కంత ఆగమైతది. చదివే అద్దాలే గద, దసరా సెలవులల్ల నేనే కామారెడ్డికి తీస్కపోయి ఇప్పిస్త."

మరియ మొగుడి వైపు చూసింది. "చెప్పరాదు" అంది.

"మేడమ్ తీస్కపోత అన్నరు గద. ఇగ నడువు" అన్నాడు బీరయ్య.

ఆమె కుచ్చిళ్లు సరిచేసుకుని పొలాల వైపు వెళ్లిపోయింది. నాకు ఆ మాట ఆ సాయంత్రానికే మనసులోంచి పోయింది. క్యాంపు జరిగిన ఆదివారం మాకు పసుపుబొట్లు పదకొండు, పులిచారలు ఆరు, గళ్లచీర ఒకటి అని కాగితంలో ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

నిజానికి ఆ సీజన్లో మా లెక్కలు చాలా బాగున్నాయి. ఆగస్టు మొదట్లో స్టాఫ్‌రూములో రాజ్‌కుమార్ నా కాగితాలు తిరగేస్తూ అడిగాడు.

"మేడమ్, మద్నూర్ దిక్కు నడిచేటోళ్లకు నాలుగు గూడ దొర్కుతలేవు. ఈ వానలకు అందరియి పడిపోయినయి. మీయి ఒక్కటే పోయినేడు లెక్కనే ఉన్నయేంది?"

"మాకు బీరయ్య ఉన్నడు. వాళ్లకు ఎవరున్నరు?" అన్నాను. ఆ మాట గర్వంగానే అన్నాను. అతను మళ్లీ ఏదో అనబోతే, చూసే కళ్లు ఉండాలి రాజ్‌కుమార్, అని లేచి క్లాసుకు పోయాను.

ఆగస్టు ఆఖరివారం వాన వచ్చింది. దాన్ని వాన అనడానికి నాకు నోరు రావడం లేదు. కామారెడ్డిలో మా వీధిలోనే కార్లు తేలాయి. పోచారం ప్రాజెక్టు కట్ట మీది నుంచి నీళ్లు దూకుతున్నాయని, కింది ఊళ్లను ఖాళీ చేయిస్తున్నారని ఫోన్లో వీడియోలు. రెండు రోజులు బీరయ్యకు ఫోన్ కలవలేదు. మూడోరోజు కలిసింది. బడిలో ఉన్నామని, ఇంటి వెనక గోడ పడిందని, మనుషులు బాగానే ఉన్నారని చెప్పాడు. రోడ్లు తెగిపోయి రెండు ఆదివారాలు నడక ఆగింది. ఒక్క వారం తప్పితే ఆగమైతది అన్న లెక్క, రెండు వారాలు తప్పినా ఏమీ కాలేదు. కాగితంలో రెండు గళ్లు ఖాళీగా వదిలేశాను, అంతే.

సెప్టెంబర్ రెండో ఆదివారం మళ్లీ వెళ్లాను. బస్సు రెండు చోట్ల చుట్టుదారి పట్టింది. కల్వర్టు గోడ సగం లేదు. బీరయ్య మిగిలిన సగం మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం పెరిగి, చిక్కిపోయి. ఎండ బాగా కాస్తోంది.

"నీడ పడ్తున్నదా మేడమ్?"

"పడ్తున్నది" అన్నాను. ఆ రోజు కసరబుద్ధి కాలేదు.

నడక మొదలుపెట్టాం. కాలికింద అంతా మెత్తటి ఇసుక, బురద. బీరయ్య కర్రతో తడుముకుంటూ నడుస్తున్నాడు. దారి పాడైందని అనుకున్నాను. నా తల కాగితంలోనే ఉంది.

"తంగేడు మీద పసుపుబొట్టు మూడు."

రాశాను.

"జిల్లేడు కాడ పులిచార రెండు."

రాశాను. వాగు మలుపు దగ్గరికి వచ్చాం. బీరయ్య ఆగాడు. ఎప్పుడూ అక్కడే ఆగుతాడు.

"మారేడు మీద గళ్లచీర ఒకటి. పైకొమ్మకు. రాస్కోండ్రి."

సరిగ్గా అప్పుడే పెన్ను ఆగిపోయింది. విదిలించాను, రాయలేదు. వేరేది తీయడానికి సంచిలో చెయ్యి పెట్టి తలెత్తాను.

మారేడు చెట్టు లేదు. చెట్టు ఉన్నచోట ఒడ్డే లేదు. వాగు అంత మేర కోసుకుపోయి, ఎర్రమట్టి గోడలో తెగిన వేళ్లు వేలాడుతున్నాయి. వెనక్కి తిరిగి చూశాను. జిల్లేడూ లేదు, తంగేడూ లేదు. మేం నడిచొచ్చిన బాటంతా ఉత్త ఇసుక. బీరయ్య మాత్రం మొహం పైకెత్తి, చెట్టు పైకొమ్మ ఉండాల్సిన చోటికి చూస్తూ నిలబడ్డాడు.

"బీరన్నా, చెట్టేది?"

అతను కర్ర చాపి ముందు నేలను తడిమాడు. కర్ర గాలిలోకి పోయింది. ఇంకో అడుగు వేస్తే వాగులో ఉండేవాడు. భుజం పట్టుకుని వెనక్కి గుంజాను.

నేను అరిచాను. ఏమని అరిచానో దాచుకోను. మొదట లెక్కల గురించి అరిచాను. ఎన్ని వారాలు ఇట్ల చెప్పినవు, నా కాగితాలన్నీ ఏం గావాలె అని. కళ్ల సంగతి అడిగింది ఆ తర్వాతే. ఆ వరస తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

అతను ఇసుకలో కూలబడ్డాడు.

"మొదలు మబ్బులే అనుకున్న మేడమ్. ఈ యేడు ఎండ ఎప్పుడొస్తదో మబ్బు ఎప్పుడొస్తదో తెలుస్తలేదని మీరే అంటిరి గద. లోకానికంత గట్లనే మసకున్నది అనుకున్న. తెలిసేటాళ్లకు..." ఆగాడు. "తెలిసినంక చెప్పబుద్ధి కాలే. వాచర్‌కు కండ్లు లేవంటె ఉంచుకుంటరా? మీరు గూడ వేరేటోళ్లను చూస్కుంటరు."

"అబద్ధాలు చెప్తవా మరి?"

"అబద్ధం అనుకోలే మేడమ్. ఆరేండ్ల సంది చూస్తున్న. ఏ చెట్టు మీద ఏది ఉంటదో నాకు ఎర్క. ఉన్నయనే చెప్పిన. చెట్టే పోతదని నాకేం తెల్సు."

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి కామారెడ్డిలో కళ్లాసుపత్రికి తీసుకుపోయాను. మరియ కూడా వచ్చింది. డాక్టరు చిన్న వయసు ఆమె. చాలాసేపు చూసి, నీటికాసులు అని చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం ఎండిపోయింది. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంట్లో మిగిలింది కొద్దిగానే, అది కూడా నిలుస్తుందన్న నమ్మకం లేదు.

"పోయిన చూపు రాదమ్మా. ఇంత లేట్ చేసినరేంది? రెండు నెలల కింద వచ్చినా కుడికన్ను దక్కుతుండె" అంది.

రెండు నెలల కింద అంటే క్యాంపు. నేను వేళ్లమీద లెక్కపెట్టక్కర్లేదు, తారీఖుతో సహా నా కాగితంలో ఉంది. మరియ నావైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. చుక్కలమందు ఎప్పుడెప్పుడు వేయాలో డాక్టరును రెండుసార్లు అడిగి, నోట్లో మననం చేసుకుంటూ మొగుడి చేయి పట్టుకుని మెట్లు దిగింది. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆ నెలాఖరుకు బీరయ్య పని పోయింది. ఆఖరి రోజుదానితో కలిపి పద్నాలుగు కాగితాలనూ ఎర్రపెన్నుతో కొట్టేసి రాజ్‌కుమార్ ముందు పెట్టాను. విషయం చెప్పాను. అతను కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి, "పోయినేడువి మేడమ్?" అన్నాడు. ఏమో, నాకు తెలియదన్నాను. నిజంగా నాకు తెలియదు. తలెత్తితే కదా తెలిసేది.

ఆ తర్వాతి ఆదివారాలన్నీ ఒక్కదాన్నే నడిచాను. నేనే చూసి నేనే రాశాను. దసరాకు ముసురు, దీపావళికి ముసురు. నవంబర్ చివరి ఆదివారం సీజన్‌కు ఆఖరి నడక. బస్సు దిగేసరికి కల్వర్టు దగ్గర బీరయ్య ఉన్నాడు. మరియ తీసుకొచ్చి కూర్చోబెట్టి వరికోతలకు పోయిందట. అప్పటికి అతనికి వెలుగూ చీకటీ తప్ప పెద్దగా తెలియడం లేదు.

"ఆఖరు దినం గద మేడమ్. వస్త" అన్నాడు.

ఎండ వస్తూ పోతూ ఉంది. గంటసేపు కూర్చున్నాం. అతను నీడ సంగతి అడగలేదు. పడినప్పుడు నేనే చెప్పాను. నా భుజం మీద అతని చెయ్యి, నా చేతిలో కాగితం. కొత్తగా మొలిచిన తంగేడు మొక్క దగ్గర పసుపుబొట్లు రెండు కనబడ్డాయి. చెప్పాను. అతని మొహం కాస్త తేటపడింది. తర్వాత చాలాదూరం ఏమీ లేవు. అతను చెవి ఒగ్గి వింటున్నాడు, నేను చెప్పేదానికోసం. ఆ మొహం చూస్తూ ఏమీ చెప్పకుండా నడవడం నావల్ల కాలేదు.

వాగు మలుపు దగ్గర ఆగాం.

"మారేడు మీద గళ్లచీర ఒకటి" అన్నాను. ఎలా వచ్చిందో నోట్లోంచి దానంతటదే వచ్చింది.

బీరయ్య చెయ్యి నా భుజం మీద కొంచెం బిగిసింది.

"మారేడు కొట్టుకపాయె గద మేడమ్" అన్నాడు మెల్లగా. "రాయకుండ్రి."

రాయలేదు. మిగతా బాటంతా నడిచి మళ్లీ కల్వర్టు దగ్గరికి వచ్చాం. మబ్బు పట్టింది. అతన్ని గోడ మీద కూర్చోబెట్టి ఫ్లాస్కులోంచి చాయ్ పోసి చేతికిచ్చాను.

"మొత్తం ఎన్ని మేడమ్?"

"రెండే. పసుపుబొట్లు."

అతను చాయ్ గుటక వేసి అడిగాడు.

"అవన్న ఉండెనా, నిజంగ?"

ఉన్నాయని చెప్పాను. ఆరేళ్లలో ఆ మాట నేను అతన్ని ఒక్కసారి కూడా అడగలేదు.