జిల్లేడు పొద మీద రెండు

"ఒక్క సొక్కా ఆరెయ్యడానికి ఇంతసేపేటే? సీతాకోకచిలకల్తోటి కబుర్లాడతన్నావా?"

లోపలినుంచి అత్త అప్పలనరసమ్మ. మొగుడి ఖాకీ చొక్కా దులిపి తీగ మీద వేసింది దాలమ్మ.

రాయపూర్ రైల్వే క్వార్టర్ పెరట్లో, గోడవార జిల్లేడు పొద. దాని మీద రెండు సీతాకోకచిలకలు. రెండూ నారింజ రంగే, నల్ల అంచే. ఒకసారి మొగుడు సూర్యారావుకి చూపిస్తే, "రెండూ ఒకటే. పప్పు మాడతంది, సూడు" అన్నాడు.

ఒకటి కాదు. ఒకదాని పురుగు జిల్లేడాకు తిని పెరుగుతుంది. రెక్కలొచ్చాక కూడా ఆ చేదు ఒంట్లోనే ఉంటుంది. రెండోదాని పురుగు తినేది గంగవాయిల కూర. దాని జాతిలో మగది నల్లగా వేరే ఉంటుంది. ఆడది మాత్రం చేదుదాని చీర కట్టుకుని పిట్టల్ని ఏమారుస్తుంది. ఎగరడమూ దానిలాగే, నింపాదిగా. కానీ బెదిరితే వేషం మరిచిపోయి రివ్వున పారిపోతుంది. చేదుది తొందరపడదు. పిట్ట దాన్ని కరిచి ఉమ్మేయడం దాలమ్మ కళ్లారా చూసింది. చిరిగిన రెక్కతోనే అది మెల్లగా వెళ్లి పూవు మీద వాలింది.

మరి తను? నీళ్ల పంపు దగ్గర దాలమ్మంటే అందరికీ హడలే. ఇంట్లోంచి కేక వస్తే మాత్రం బిందె వదిలేసి పరుగు. "పిలుపు సగంలో ఉండగానే మా కోడలికి కాళ్లు లేస్తాయి" అని అత్త నలుగురిలో మురిసేది. ఇన్నాళ్లూ అది మెప్పే అనుకుంది.

గోడవతల నాంచారమ్మ తల కనిపించింది. పండరీ బజారులో ఆమెకు కుట్టు దుకాణం.

"ఏటే దాలమ్మా, కుట్టుపనికి వస్తావా రావా? ఈ పూట సెప్పకపోతే ఆ మిషను ఇంకొకర్తికి ఇచ్చేస్తాను."

'రానని సెప్పు. ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టే కర్మ మనకేటి?' అని రాత్రే తేల్చేశాడు సూర్యారావు.

మొగుడు పెరటి తలుపు దభాలున తెరిచాడు. "ఏయ్! జల్దీ రా!"

పొద మీంచి ఒకటి రివ్వున గోడ దాటిపోయింది. రెండోది రెక్కలు మూసి తెరిచి, అక్కడే ఉంది.

దాలమ్మ కాళ్లు అలవాటుగా లేవబోయాయి. ఆపింది. ఈ ఇంట్లో తను ఏం తిని బతికిందో తనకు తెలుసు. ఆ చేదు ఎక్కడికీ పోలేదు. బకెట్లో మిగిలిన తువ్వాలు తీసి, పిండి, ముడతలు లేకుండా ఆరేసింది.

"రేపొద్దున్నే వస్తానక్కా" అంది, మొగుడికి వినపడేలా.

తర్వాత ఇంటివైపు కదిలింది. పిలిస్తే దాలమ్మ నడిచి రావడం సూర్యారావు చూడడం అదే మొదటిసారి.