రెండువందల లీటర్లు

తలుపుకు అడ్డంగా ఆవిరి కొడుతోంది. ఆ తలుపు వెనక గదిలో రాజకుమారి ఉంది, తొమ్మిది రోజుల పసిబిడ్డతో.

"అమ్మా! గోడ కాలిపోతన్నాదమ్మా! సెయ్యెట్టలేకపోతన్నాను!"

లక్ష్మీనరసమ్మ తడి గోనెసంచి ముఖానికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వేసింది. ఆవిరి మోచేతికి తగలగానే కెవ్వుమని వెనక్కి వచ్చేసింది.

పెరటి వసారాలో, పురిటి గది తలుపు పక్కనే, నిలువెత్తు వేడినీళ్ల ట్యాంకు. లోపల ఎవరో పిడికిళ్లతో గుద్దుతున్నట్టు దడదడమంటోంది. పైపు అతుకొకటి వదిలేసింది. ఆ సందులోంచే ఆవిరి చిమ్ముతోంది. గదికి మరో దారి లేదు. ఒక్క కిటికీ, దానికి చెయ్యి కూడా దూరనంత దగ్గరగా అల్లిన ఇనప గ్రిల్లు.

కిటికీ దగ్గర గంగులు గునపంతో పొడుస్తున్నాడు. ఈ ఇంటి పైపులన్నీ బిగించినవాడు అతనే.

"ఇంకెంతసేపురా?" అరిచారు మాస్టారు. లక్ష్మీనరసమ్మ భర్త. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నరసన్నపేటలో ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు.

"సిమెంటు గట్టిగున్నాది మాస్టారూ! ఒకేపు ఊడింది!"

"నువ్వు బిగించిన పైపులే గదరా ఇయ్యి! నా కూతురికేటన్నా అయితే నిన్ను జైల్లో ఎట్టిస్తాను!"

గంగులు గునపం ఆపలేదు.

నవీన్ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆ ట్యాంకున్న హీట్ పంప్ అమ్మి, బిగించింది అతనే. ఫోను అందగానే షాపులోంచి బండి మీద వచ్చాడు. "మెయిను ఆపేసినాను. మీటరు దగ్గర ఫ్యూజు కూడా పీకేసినాను. ఇంట్లో ఎక్కడా కరెంటు లేదు," అంటూ ట్యాంకు వైపు చూసి ఆగిపోయాడు.

ఆవిరి మధ్యలోంచి చిన్న ఎర్రదీపం కనిపిస్తోంది. ట్యాంకులో అదనంగా ఉండే హీటరు కడ్డీ కాలుతున్నంతసేపూ వెలిగే దీపం అది.

"అదేటి?" నవీన్ వేలు చూపించాడు. "ఇంకా ఎలుగుతన్నాది?"

అప్పుడు చూశాడు. ట్యాంకు వెనకనుంచి గోడ మీదుగా వెంటిలేటర్లోకి పాకిన నల్లటి వైరు. దాన్ని అతను వెయ్యలేదు. కోసేద్దామంటే ఆవిరి దాటి చెయ్యి పోదు. ట్యాంకు నెత్తిన సేఫ్టీ వాల్వు. ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలేసే దారి అదొక్కటే. దాని మూతిని పూర్తిగా మూసేస్తూ ఇత్తడి డమ్మీ బిగించి ఉంది.

"ఆ వాల్వు ఎవులు మూసేసినారు? గంగులూ, నువ్వా?"

"నా బిడ్డల మీదొట్టు బావూ, నాకు తెల్దు!"

"ఈ కరెంటు ఎక్కణ్ణించి వస్తన్నాదో సెప్పండి! అది ఆగకపోతే ట్యాంకు పేలిపోద్ది. తలుపు కాదు, ఆ గోడే ఉండదు!"

గదిలో పసిబిడ్డ ఏడుస్తోంది.

ఆ ట్యాంకు ఎంచుకోవడానికి మాస్టారికి మూడు వారాలు పట్టింది. కూతురు పురిటికి వస్తోంది, ఇక కట్టెలపొయ్యి మీద కాగు పెట్టేది లేదు, గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే హీట్ పంప్ పెట్టిస్తానన్నారు. స్టీలు ట్యాంకా, లోపల గాజుపూత ఉన్నదా? ఈ బోరునీళ్ల ఉప్పుకి ఏది నిలుస్తుంది? నోటుపుస్తకం సగం నింపారు. చివరికి పేచీ ఒక్కచోటే వచ్చింది.

"మూడువందల లీటర్లది తీసుకోండి మాస్టారూ," అన్నాడు నవీన్ ఆ రోజు. "ఇది నిదానంగా కాస్తాది. ఒకసారి ఖాళీ అయితే మళ్లీ కాగడానికి మూడు నాలుగు గంటలు. బాలింత స్నానమంటే మాటలా? తల్లికి ఆరు బిందెలు, బిడ్డకి రెండు, సూడ్డానికొచ్చిన సుట్టాలకి తలస్నానాలు."

"ముప్పై ఏళ్లు లెక్కలు సెప్పినోడికి నువ్వు లెక్కలు సెప్తావేటి? రెండువందలు సాలు. సాలకపోతే నా పేరు మార్సుకుంటాను."

గ్యారంటీ కార్డు మీద ఇంటాయన పేరు రాయాలని నవీన్ అడిగితే లక్ష్మీనరసమ్మ నవ్వి, నెలలు నిండిన కూతురి వైపు చూసింది. రాజకుమారే చెప్పింది. ముప్పై రెండేళ్ల కాపురంలో మొగుడి పేరు ఆమె నోట రాలేదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అత్తగారు చెప్పిన మాట. రేషను కార్డుకైనా, ఆధారుకైనా పక్కవాళ్లు చెప్పాల్సిందే.

పురుడొచ్చిన మూడో రోజు, స్నానం సగంలో ఉండగా నీళ్లు చల్లబడిపోయాయి. బాలింత ఒళ్లు వణికింది. "గోరెచ్చ నీళ్లతో బాలింతని సంపుతారేటి?" అని లక్ష్మీనరసమ్మ కసిరింది. ఆరో రోజునుంచి నీళ్లు పొగలు కక్కాయి. బిందెడు వేణ్ణీళ్లకు రెండు బిందెల చన్నీళ్లు కలిపినా ఒళ్లు కాలేది. ఎంతమంది స్నానం చేసినా మిగిలేవి. "సూసినావా నా లెక్క?" అన్నారు మాస్టారు. ఆమె మురిసిపోయింది. వాల్వు మూతినుంచి టప్ టప్ మని కారే చుక్క కూడా ఆగిపోయింది. అది ఎందుకు కారేదో, ఎందుకు ఆగిందో ఆమె అడగలేదు.

ట్యాంకు ఒక్కసారి మూలిగింది. నడుం దగ్గర రేకు ఉబ్బింది.

"అమ్మా!"

లక్ష్మీనరసమ్మ గోనెసంచి మళ్లీ తడపడానికి నడవలోకి పరుగెత్తింది. గంగాళంలో ముంచుతుండగా వీధివైపునుంచి ఒక చప్పుడు వినిపించింది. కిర్రుమని ఇనప రేకు జానెడు పైకి లేచిన చప్పుడు. ఇంటి వీధి గదిలో అద్దెకుండే జెరాక్సు దుకాణంవాళ్లు ఖాళీ చేసి ఏడాదైంది. అప్పటినుంచి ఆ షట్టరు ఎత్తగా ఆమె చూడలేదు. ఆ గదికి వేరే మీటరు. తాళంచెవి ఒక్కటే.

ఆమె వసారాలోకి వచ్చేసరికి నవీన్ అరుస్తున్నాడు. "ఆరింది! దీపం ఆరిపోయింది! ఎవులు ఆపినారు?"

ఆవిరి జోరు కొద్దిగా తగ్గింది. గంగులు గునపాన్ని చట్రం కింద దూర్చి, ఒంటి బరువంతా వేసి వేలాడాడు. గ్రిల్లు సగం గోడతో సహా ఊడి అతని పాదం మీద పడింది. కాలు లాక్కోకుండానే చేతులు చాపాడు.

"పిల్లనియ్యమ్మా! ముందు పిల్లనియ్యి!"

పాతచీరలో చుట్టిన బిడ్డ బయటికొచ్చింది. తర్వాత రాజకుమారి, కుట్లు నొప్పికి పళ్లు బిగబట్టి. నవీన్, గంగులు చెరో రెక్కా పట్టి లాగారు. అందరూ వీధివైపు పరుగెత్తారు. నడవ మధ్యలో మాస్టారు ఎదురొచ్చారు, నుదురు తుడుచుకుంటూ.

"ఫైరింజను వస్తన్నాదేమోనని సూసొచ్చాను," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

వాళ్లు గుమ్మం దాటుతుండగా వెనక ఇల్లు అదిరింది. ట్యాంకు పై మూత వసారా రేకుల్ని చీల్చుకుని పోయి పక్క దొడ్లో పడింది. పురిటి గది గోడ కుప్పకూలింది. దుమ్ము తగ్గాక కిటికీలోంచి చూస్తే మంచం కనిపించలేదు. ఇటుకలే కనిపించాయి.

పావుగంటకు ఫైరింజను వచ్చింది. ఆఫీసరు అంతా చూసి, నవీన్‌ని పక్కన నిలబెట్టి అడిగాడు.

"సిన్న ట్యాంకులో నీళ్లు అందరికీ సాలాలంటే ఒకటే దారి సార్. సలసలా కాసి చన్నీళ్లు కలపడం," అన్నాడు నవీన్. "దొంగ లైను లాగి, నీళ్లు కాగగానే ఆపే థర్మోస్టాటు దాటించి హీటరుకి నేరుగా ఇచ్చేసినారు. ఎక్కువ కాగితే వాల్వు కారతాది. కారితే నేను పట్టేస్తానని దాన్నీ మూసేసినారు. ఇయ్యాల స్విచ్చి ఆపడం మర్సిపోయారు. అంతే."

"ఎవరు?" ఆఫీసరు కాగితం తీశాడు. "నాకు పేరు కావాలి."

"గంగులు," అన్నారు మాస్టారు వెంటనే. "ప్లంబరు. రాసుకోండి."

గంగులు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాదం వాచిపోయింది. అరచేతులు బొబ్బలెక్కాయి. తల ఎత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు. మాస్టారి మాట కాదని ఈ ఊళ్లో అతని మాట ఎవరు వింటారు?

లక్ష్మీనరసమ్మ మొగుడి నడుం వైపు చూసింది. మొలతాడుకు వేలాడే వీధి గది తాళంచెవి చొక్కా పైకి వచ్చేసింది. చొక్కా అంచున, వేళ్ల కొసలకు షట్టరు తుప్పు, ఎర్రగా.

"గంగులు కాదు బాబూ," అంది ఆమె.

"నీకేటి తెలుసే? లోపలికి పో!"

ఆమె కదల్లేదు. "వీధి గది షట్టరెత్తి సూడండి బాబూ. కరెంటు అక్కణ్ణించే వచ్చింది. తాళం మా ఇంటాయన దగ్గరే ఉన్నాది."

ఆఫీసరు కలం ఆగింది. "మీ ఆయన పేరేంటమ్మా?"

అలవాటు కొద్దీ ఆమె కూతురి వైపు చూసింది. రాజకుమారి, ఒళ్లో బిడ్డతో, నోరు తెరవబోయింది. లక్ష్మీనరసమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వొద్దు. నానే సెప్తాను."

మాస్టారి ముఖంలోకి సూటిగా చూస్తూ, వీధంతా వినేలా చెప్పింది.

"పొట్నూరు నరసింగరావు."