నోట రాని పేరు

కొంగు నిండా కాలిన రబ్బరు వాసన.

ఎన్ని నీళ్లలో జాడించినా పోలేదు... గొంతుకు అడ్డంపడే వాసన.

తిరుపతి పెద్దాస్పత్రిలో మంచం పక్కన మునిరత్నమ్మ కూసోనుంది. మంచం మీద ఆమె మొగుడు. తలకు కట్టు. చేతులకు కట్టు. కండ్లు తెరవడు.

నిన్న పగలు బంగారుపాళ్యం అవతలి రాళ్ల క్వారీకి సంగటి తీసకపోయింది. పోయేసరికి ఆయన నడిపే లోడరు బండి మండతా ఉండాది. డీజిలు గొట్టం పగిలి మంటంటుకున్నింది. మొగోళ్లు మట్టి ఎత్తి పోస్తా ఉండారు. ఆయన అందరికంటే దగ్గర, మనిషెత్తు టైరు పక్కనే. ఆ లోడరంటే ఆయనకు ప్రాణం మరి.

మిట్ట మీదినుంచి ఆమె చూసింది. టైరు పొగలు కక్కతా ఉబ్బతా ఉండాది.

పిలవాల.

ఏమని పిలవాల?

మొగుడి పేరు నోట పలికితే ఆయుస్సు తగ్గుతుందని, కాపరానికొచ్చిన నాడే అత్త కుప్పమ్మ చెప్పింది. ఆ మాట ఎప్పుడూ దాటలేదు. ఇంట్లో "యోవ్" అంటే చాలు, పలికేవాడు.

"యోవ్... వచ్చెయ్... యోవ్..."

మొగోళ్లంతా తిరిగి చూసినారు. అందరికీ ఇంట్లో అదే పిలుపు గదా. ఆమె చెయ్యి చూపిన దిక్కు చూసి, ఇవతలికి పరిగెత్తినారు.

ఆయనొక్కడే తిరగలేదు. ఎవరి పెండ్లామో ఎవరినో పిలస్తా ఉండాదనుకున్నాడేమో...

పేరు నాలిక చివరిదాకా వచ్చింది.

ఆడనే ఆగిపోయింది.

టైరు పేలింది.

అయ్యో, ఆ ఒక్క మాట అనుంటే ఏం పోయేది తల్లీ! పలక్కుండా దాచిపెట్టిన ఆయుస్సంతా ఇప్పుడీ మంచం మీద — ఉండాదో, పోతా ఉండాదో.

"పేరు పెట్టి పిలస్తా ఉండండమ్మా, తెలివి రావచ్చు" అని చెప్పి నర్సమ్మ పోయింది.

రాత్రంతా కొడుకును పిలిచి పిలిచి కుప్పమ్మ గొంతు పోయింది. గోడకానుకోని ఉన్న ముసలామె లేచొచ్చి కోడలి భుజం పట్టుకునింది.

"నువ్వు పిలువు మే."

మునిరత్నమ్మ అత్త మొగం చూసింది. ఆ కండ్లలో నీళ్లు తప్ప ఇంకేం లేవు.

ఆయన చెవి దగ్గర వంగింది. ఇన్నేండ్ల కాపరంలో మొదటిసారి...

"ధనంజయా."

ఆమెకే వినపడనంత మెల్లిగా.

రెప్ప కదల్లేదు.

"గెట్టిగా" అనింది కుప్పమ్మ, రాని గొంతుతో. "ఇంకా గెట్టిగా పిలువు మే."

పిలిచింది.

పిలస్తానే ఉండాది...