జపంలో రెండో సగం

అల్లూరుకు తూర్పున, రొయ్యల గుంటలు దాటాక వచ్చే ఆ చిన్న ఊళ్ళో ఆరోగ్యమ్మ గొంతు తెలియనివాళ్ళు లేరు. సాయంత్రం మరియమాత గుడిలో ఆమె జపమాల అందుకుంటే గుంటల గట్ల మీద మేత చల్లేవాళ్ళకు కూడా వేళ తెలిసిపోయేది. పెళ్ళై ఆ ఊరికి వచ్చిన కొత్తలో పట్టిన పని అది. మనవరాళ్ళు పుట్టాక కూడా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఇవ్వమని అడిగే ధైర్యం ఎవరికుంది గనక!

జపమాల ఇద్దరి పని. నడిపించేవాళ్ళు "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అంటూ మొదటి సగం చెబుతారు. మిగిలినవాళ్ళు "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకుని రెండో సగం పూర్తిచేస్తారు. ఆరోగ్యమ్మది ఎప్పుడూ మొదటి సగమే. జనం జవాబు చెబుతున్నంతసేపూ ఆమె ఊపిరి పీల్చుకునేది, ఎవరు రాలేదో చూసుకునేది, ఆవులించినవాళ్ళను గుర్తుపెట్టుకునేది. ఇంట్లో ఒంటరిగా చెప్పుకోవడం ఆమెకు రుచించదు. వినేవాళ్ళు లేకపోతే భక్తి కుదరదు మరి, ఏం చేస్తాం!

అక్టోబరు జపమాల మాసం. ఆ నెలంతా మరియమాత స్వరూపం సాయంత్రానికో ఇల్లు చొప్పున ఊరంతా తిరుగుతుంది. ప్రతి ఇంట్లోనూ జపం నడిపించేది ఆరోగ్యమ్మే. ఈ ఏడు కొత్తగా వచ్చిన ఫాదరు గారు మాత్రం, "మాత ఎవరింటికి వస్తే ఆ ఇంటివాళ్ళే జపం నడిపించాలి. అందరికీ అలవాటు కావాలి కదా" అని ఆదివారం పూజలో చెప్పేశారు. ఆరోగ్యమ్మకు తల కొట్టేసినట్టయింది.

"నేనేమన్నా చచ్చినానా ఏంది?" అన్నది గుడి మెట్ల మీదే, అందరికీ వినపడేట్టు.

మొదటి సాయంత్రం మాత క్రీస్తురాజు ఇంటికి వచ్చింది. క్రీస్తురాజు ఐస్ లారీ నడుపుతాడు. అతని పెళ్ళాం బిందు చేపలు పట్టే హిందువుల ఇంటి పిల్ల, మొన్న ఈస్టరుకే జ్ఞానస్నానం పొందింది. బల్ల మీద కొత్త దుప్పటి పరిచి, మల్లెపూలు పెట్టి, గుగ్గిళ్ళు ఉడకబెట్టి, జపం మాటలు వారం నుంచీ వల్లెవేసుకుంటోంది. ఆరోగ్యమ్మ వెనకాల గోడకు ఆనుకుని మూతి ముడుచుకుని కూర్చుంది.

బిందు సన్నటి గొంతుతో మొదటి సగం చెప్పింది. జనం జవాబు చెప్పారు. ఆరోగ్యమ్మ అలవాటు కొద్దీ ఊపిరి పీల్చుకుంది. జవాబు ముగిసేసరికి ఆ పీల్చుకున్న ఊపిరి ఊరుకుంటుందా? "దేవ వరప్రసాదముచేత" అని ఖంగున వచ్చేసింది. బిందు కూడా అదే మాట మొదలుపెట్టింది గానీ, ఆ గొంతు ముందు ఈ గొంతు ఎంత! జనం పెద్ద గొంతునే పట్టుకున్నారు. రెండు మూడు పూసలు తిరిగేసరికి బిందు మానేసింది.

ఆరోగ్యమ్మకు ఆ సంగతి తెలియలేదని చెప్పడానికి లేదు. తెలిసింది. తెలిసి, లోపల హాయిగా కూడా అనిపించింది. చివరిదాకా లాక్కెళ్ళి కళ్ళు తెరిచేసరికి, బిందు తన ఇంట్లోనే పరాయిదానిలా గుమ్మం పక్కన నిలబడి ఉంది. గుగ్గిళ్ళు పంచుతూ ఆరోగ్యమ్మ దాకా వచ్చి, "తీసుకో అత్తా" అన్నది తల ఎత్తకుండా. ఆరోగ్యమ్మ ఆ గుగ్గిళ్ళు తినకుండా చెంగున కట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

శనివారం ఫాదరు గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఉన్నదున్నట్టు చెప్పేసింది, ఆ హాయితో సహా. ఫాదరు గారు అంతా విన్నారు.

"ఈ నెలంతా మీరు జనంలో కూర్చుని జవాబు మాత్రమే చెప్పండమ్మా. అదే మీ ప్రాయశ్చిత్తం."

"అదేం ప్రాయశ్చిత్తం ఫాదరు గారూ? ఆ మాత్రం చంటిబిడ్డలు కూడా చెప్తారు గదా!"

"చెప్పి చూడండి," అన్నారాయన.

చెప్పి చూస్తే గాని తెలియలేదు. మొదట్లో నాలుక మాటిమాటికీ మొదటి సగం వైపే పరుగెత్తేది, ఆమె పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పక్కనున్నవాళ్ళు దగ్గనుకుని మంచినీళ్ళు ఇచ్చారు. తరవాత తరవాత మాటలు వినపడసాగాయి. "పాపాత్ములమై యుండెడు మా కొరకు ఇప్పుడును, మా మరణ సమయమందును ప్రార్థించండి." ఇన్నేళ్ళూ తల్లిని పొగడడమే తప్ప, నా కోసం ప్రార్థించమ్మా అని తను ఒక్కసారన్నా అడిగిందా? అందరూ అడుగుతుంటే ఆవులింతలు చూస్తూ కూర్చుంది. అది తోచిన సాయంత్రం ఆరోగ్యమ్మకు ఏడుపొచ్చింది. ఏడ్చాక మనసు తేలికపడింది. ఇంటికి వెళ్ళి, ఎవరూ వినకుండా, పొయ్యి దగ్గర కూర్చుని మళ్ళీ అడిగింది. అప్పటినుంచి రోజూ అడుగుతూనే ఉంది. కోడలు అన్నం పెట్టనా అని పిలిచినా ఒక్కోసారి వినపడేది కాదు.

నెలాఖరున మాత ఆరోగ్యమ్మ ఇంటికి వచ్చింది. ఫాదరు గారి మాట ప్రకారం ఆ రోజు నడిపించాల్సింది ఆమే. ప్రాయశ్చిత్తం ముగిసిందని ఆయనే కబురు పంపారు. ఊరంతా వచ్చింది. ఆ గొంతు విని నెల కావస్తోంది మరి. ఆరోగ్యమ్మకు కూడా గొంతులో దురద పుట్టింది, అబద్ధమెందుకు. జపమాల పట్టుకుని లేచి, తిన్నగా బిందు దగ్గరకు వెళ్ళింది.

"ఆ పొద్దు నీ ఇంట్లో నీ జపం నేను లాక్కున్నాను మే. తప్పు చేసినాను. ఈ పొద్దు నా ఇంట్లో నువ్వు చెప్పు."

"నాకు రాదు అత్తా. మధ్యలో మర్చిపోతాను."

"మర్చిపోతే మర్చిపో. అందరం కాచుకోనుంటాం."

బిందు మొదలుపెట్టింది. అన్నట్టుగానే మధ్యలో ఒకచోట మాట అందక ఆగిపోయింది. అందరూ ఆరోగ్యమ్మ వైపు చూశారు. ఆమె పెదవి కదపలేదు. కళ్ళు మూసుకుని, ఆ పిల్లకు మాట దొరకాలని లోలోపలే మాతను అడుగుతూ ఉండిపోయింది. కాసేపటికి బిందుకు మాట దొరికింది. జనం రెండో సగం అందుకున్నారు. ఆరోగ్యమ్మ కూడా చెప్పింది గానీ, ఆమె గొంతు ఎవరికీ విడిగా వినపడలేదు.