తొంభై తొమ్మిది, నాలుగు

బ్రాంక్స్‌లో రైలు పట్టాల పక్కనున్న ఆ మూడో అంతస్తు ఇంట్లో పొద్దున్నే జడల గోలతో తెల్లవారేది. రొలాండా ఒక కూతురి తల దువ్వడానికి కూర్చోగానే రెండో కూతురు నోరు మూసుకుని, గుటక వేసి, గొంతు దానికి ఇచ్చేసేది. చిక్కు తీస్తుంటే అరుచుకోవడానికి కావాలి కదా. ఆ తల అయిపోయాక గొంతు ఇటు వచ్చేది, ఈసారి అరుపులు ఇటు.

నైలా, కొరీన్ కవలలు. ఇద్దరికీ కలిపి ఒకటే గొంతు. పురిట్లో ఒకతి ఏడుస్తుంటే ఇంకొకతి నోరు తెరుచుకుని ఊరికే చూసేది. కవలల్ని కన్నవాళ్లు నిద్రల్లేక పీక్కుపోతారు, నీకు సగం ఏడుపే వచ్చింది, పెట్టి పుట్టావు అనేది అత్తగారు ఎర్నెస్టీన్. వీధి మూల కొట్టతను పాలడబ్బా అందిస్తూ ఈ పూట గొంతు ఎవరిది అని అడిగి, ఆ పిల్లతోనే కబుర్లు పెట్టుకునేవాడు. ఇద్దరూ ఎప్పుడూ కొట్టుకునేవాళ్లు కాదు. కొట్టుకోవాలంటే తిట్టుకోవాలి, ఒకతి తిడితే రెండోది వినడమే తప్ప ఏం చెయ్యగలదు.

వాళ్లకి నాలుగేళ్లు నిండిన చలికాలంలో రొలాండా పరీక్ష సంగతి విన్నది. ఆమె పని ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానాలు చేయించడం, మందులివ్వడం. అలా వెళ్లిన ఒక ఇంట్లో ఆ ముసలావిడ మనవరాలు నది అవతల, మన్‌హట్టన్‌లో, తెలివైన పిల్లల్ని పరీక్ష పెట్టి చేర్చుకునే బడిలో చదువుతోంది. ఆరేళ్ల పిల్ల అవ్వ పక్కన కూర్చుని గ్రహాల గురించి ఏదో చెబుతుంటే, రొలాండా చేతిలో సబ్బు చేతిలోనే ఉండిపోయింది. నా పిల్లలూ ఇలా చెప్పగలరు, చెప్పేచోటు ఉండాలి అంతే, అనుకుంది.

నెల్లాళ్లు వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పింది. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వస్తుంది, ఈ నాలుగింట్లో ఏది వేరు. ఇద్దరూ టకటకా చూపించేసేవాళ్లు. అప్పుడే ఆవిడ ఒక మాట గట్టిగా చెప్పింది. పసిపిల్లల్లా వేలు పెట్టి చూపించకూడదు, పెద్దవాళ్లలా నోటితో జవాబు చెప్పాలి, అప్పుడే వాళ్లు మెచ్చుకుంటారు అని. పిల్లలు సరేనన్నారు. అంటే నైలా అన్నది, కొరీన్ తలూపింది.

పరీక్ష పెట్టే శనివారం పని మానుకోవడం కుదిరింది ఒక్క పూటే. అందుకని ఇద్దరి పేర్లూ ఒకే గంటకి రాయించింది. ఒకళ్లని ఈ గదిలోకి, ఒకళ్లని ఆ గదిలోకి తీసుకెళ్లారు.

వసంతంలో ఉత్తరాలు వచ్చాయి. నైలాకి తొంభై తొమ్మిది. కొరీన్‌కి నాలుగు.

సిటీ బస్సు నడిపే రొలాండా మొగుడు డెక్స్‌టర్ యూనిఫారం విప్పకుండానే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వందకి తొంభై తొమ్మిదంటే ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో అన్నాడు ముందు. తర్వాత రెండో కాగితం చూసి, ఇది పదికా అని అడిగాడు. పదికైనా తక్కువేగా అన్నది రొలాండా. డెక్స్‌టర్ వాళ్లమ్మకి ఫోన్ చేస్తే, అంకె పక్కన ఏదో రాలిపోయి ఉంటుందిరా, మళ్లీ చూడమన్నది.

మర్నాడు లాండ్రీలో మిగ్దాలియా కనపడింది. కింది వాటాలో ఉంటుంది, నోరు పెద్దది, మనసూ పెద్దదే. వాళ్ల పిల్లాడు కిందటేడు ఆ పరీక్ష రాశాడు. ఆవిడ ఆరిన మేజోళ్ల బుట్ట లాక్కుని బల్ల మీద ఒక్కొక్కటే వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

"ఇవి మార్కులు కావమ్మా తల్లీ. ఇదిగో, నీ పిల్లల వయసు పిల్లల్ని ఇలా వంద మందిని వరసలో నిలబెట్టారనుకో. నీ నైలా వెనకాల తొంభై తొమ్మిది మంది ఉన్నారు. అంటే రాణీ లెక్క."

"మరి కొరీన్?"

మిగ్దాలియా వరస చివరికంటా నడిచి వెళ్లి, అక్కడ నాలుగు మేజోళ్లు విడిగా పెట్టి, దాని వెనకాల వీళ్లేనమ్మా అని మెల్లగా అన్నది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం రొలాండా వినడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే డెక్స్‌టర్ కొరీన్ కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆ నలుగురు ఎవరో?" అన్నాడు. "వాళ్ల అమ్మానాన్నలకి ఎలా ఉందో ఇవ్వాళ."

రొలాండా కొరీన్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ రోజు ఏం జరిగిందో అడిగింది. నైలా గుటక వేసింది. కొరీన్ చెప్పింది. ఆ మేడమ్ మంచిదేనట, బొమ్మలు చూపించిందట. అన్నీ తెలిసినవేనట.

"మరి చెప్పలేదేం, బంగారూ?"

"నైలా ఆపలేదు. నేను నోరు తెరుచుకుని కూర్చున్నా. వస్తుందని."

"వేలు పెట్టి చూపించాల్సింది కదే."

"వద్దన్నావుగా."

రొలాండా లేచి వంటింట్లోకి వెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

విద్యాశాఖ ఆఫీసుకి వెళ్తే కిటికీ అవతలి ఆవిడ మర్యాదగానే విన్నది. గొంతు ఒకటే ఉన్న పిల్లలైతే వేరువేరు రోజులు అడగాల్సిందమ్మా, ఇచ్చేవాళ్లం, అన్నది. ఈ ఏటికి మళ్లీ పెట్టడం కుదరదు. నైలా చోటు మాత్రం వారంలోపు ఒప్పుకోవాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది.

ఆ వారం మొగుడూ పెళ్లాలు నిమ్మళంగా తిన్నది లేదు. నైలాని అంత పెద్ద బడికి పంపితే పొద్దస్తమానం జవాబులు చెప్పాలి, గొంతంతా అక్కడే పోతుంది, ఇక్కడ కొరీన్ వీధి చివరి బడిలో మూగదై కూర్చుంటుంది. పంపకపోతే ఇద్దరూ ఇక్కడే. ఆ అంకె ఇద్దరిదీ, ఒక్కదానిది కాదు, అన్నది రొలాండా. కావచ్చు, కానీ చోటు ఒక్కటే ఇచ్చారు, ఒకదాన్నైనా ఒడ్డెక్కిద్దాం, అన్నాడు డెక్స్‌టర్. అని, అవతలికి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. సంతకం రొలాండాయే పెట్టింది.

సెప్టెంబరులో పసుపుపచ్చ బడి బస్సు వచ్చి నైలాని నది దాటించింది. కొరీన్‌ని అవ్వ ఎర్నెస్టీన్ వచ్చి చెయ్యి పట్టుకుని వీధి చివరికి తీసుకెళ్లింది. సాయంత్రం ఆ బడి దగ్గర టీచరు ఎదురొచ్చి, మీ పిల్ల నోరు మూస్తే ఒట్టు, క్లాసు మొత్తానికీ కథ చెప్పింది అన్నది నవ్వుతూ. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. రొలాండా పొంగిపోయింది. దేవుడు ఎలాగో సర్దాడనుకుంది. శుక్రవారం చేపలు వేయించి, మొక్కజొన్న రొట్టె చేసి, మిగ్దాలియాకి కూడా పంపింది. ఎలా సర్దాడో మాత్రం ఆలోచించలేదు.

చెట్ల ఆకులు ఎర్రబడ్డాక పెద్ద బడి నుంచి ఫోన్ వచ్చింది. మీ అమ్మాయి చేరిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదండీ, అన్నారు. పరీక్షలో ఏదైనా పొరపాటు జరిగిందేమో మీకేమైనా తెలుసా.

ఆ సాయంత్రం రొలాండా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కొరీన్ మొహం పాలిపోయి ఉంది. గొంతు ఎప్పుడూ తన దగ్గరే ఉండిపోతోందని దానికి తెలుసు. గట్టిగా గుటక వేసి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నీకు అక్కడ బాగాలేదా నైలా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

నైలా గొంతు సవరించుకుంది. రోజంతా కొరీన్ వాడి వాడి అది బొంగురుపోయి ఉంది.

"బాగుందమ్మా. గాజు తొట్టెలో చేప పిల్లలు కూడా ఉన్నాయి. అన్నీ తెలుస్తున్నాయి నాకు."

"మరి చెప్పవేమే?"

"ఆ రోజు నేనే మొత్తం వాడేశాను కదా," అన్నది నైలా. "అందుకే దానికి నాలుగొచ్చింది."

డెక్స్‌టర్ కుర్చీలోంచి లేచి వచ్చి నేల మీద కూర్చున్నాడు, పిల్లల కాళ్ల దగ్గర. అది నీ తప్పు కాదని అతనూ చెప్పాడు, రొలాండా చెప్పింది, అవ్వ ఫోన్‌లో చెప్పింది. నైలా అందరి మాటా విని తలూపింది. తెల్లారి బస్సెక్కుతూ, మెట్టు మీద ఆగి, గుటక వేసింది.

మంచు పడే రోజుల్లో ఆ చోటు ఇంకొకరికి ఇచ్చారు. నైలాని వీధి చివరి బడిలో కొరీన్ పక్కనే కూర్చోబెట్టారు. ఇక పంచుకుంటారులే అనుకుంది రొలాండా. కానీ గొంతు అప్పటికి ఒకచోట ఉండటానికి అలవాటు పడింది. కొరీన్ నోరు మూసుకుని ఎంతసేపు కూర్చున్నా అటు వెళ్లేది కాదు. గుటక మీద గుటక వేసి, ఎక్కిళ్లొచ్చి ఏడ్చేసేది పిల్ల. జడ వేస్తుంటే నైలా కళ్లలో నీళ్లు తిరిగేవి, అరుపు వచ్చేది కాదు. రొలాండా దువ్వెన ఆపి, మెల్లగా, ఇంకా మెల్లగా చిక్కు తీసేది.

వేసవి ముందు ఒకరోజు ఆవిడ పని నుంచి పెందలాడే వచ్చి, క్లాసు తలుపు అద్దంలోంచి చూసింది. టీచరు చంద్రుడి గురించి అడుగుతోంది. కొరీన్ లేచి నిలబడి చెబుతోంది, అది రోజుకో రకంగా ఎందుకు కనపడుతుందో, సగం ఎక్కడికి పోతుందో. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని వింటున్నారు. పక్కన కూర్చున్న నైలాని ఎవరూ చూడటం లేదు. రొలాండా చూసింది. నైలా పెదవులు కదులుతున్నాయి, కొరీన్ నోట్లోంచి వచ్చే ప్రతి మాటకీ రవ్వంత ముందుగా.